తవ్వడం దాని పని

ఫరంపేటలోని మా ఇంటికి నిరుడు జాక్ రసెల్ టెర్రియర్ పిల్ల వచ్చింది. బుజ్జి అని పేరు పెట్టాం. నెల తిరక్కుండానే నాయనమ్మ మల్లెపాదులన్నీ తవ్విపోసింది. "దీన్ని ఎవరికైనా ఇచ్చేయండ్రా" అంది నాయనమ్మ. గొలుసుతో కట్టేశాం. ఇక రోజంతా అరుపులే.

ఇచ్చేయడానికి మనసొప్పక ఈ జాతి గురించి చదివాను. 1954 దాకా మన యానాంని ఏలినవాళ్ల భాషలో 'తెర్' అంటే నేల. టెర్రియర్ అన్న మాట అందులోంచే పుట్టింది. బొరియల్లో దూరి నక్కల్నీ ఎలుకల్నీ తరమడానికి పెంచిన జాతి ఇది. అంటే తవ్వడం అల్లరి కాదు, దాని పని. ఆ పనికి మనం చోటు చూపించకపోతే మల్లెపాదులే దానికి బొరియలు!

అందుకే పెరట్లో ఓ మూల ఇసుక పోసి, అందులో బంతి దాస్తున్నాం. పొద్దున్నే ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి గోదారి గట్టుకి తీసుకెళ్తాను. ఎలుక కనబడితే పిలిచినా ఆగదు కాబట్టి బెల్టు తప్పనిసరి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడి తగ్గించుకుంటుంది. కాబట్టి మధ్యాహ్నం బయట తిప్పకూడదు. రోడ్డు మీద మన చెయ్యి ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష పెట్టకూడదు. డాక్టరు చెప్పిన తేదీకి రేబిస్ టీకా వేయించాలి. తిరిగొచ్చాక చెవులు, వేళ్ల సందులు వెతికి గోమార్లు తీసేయాలి.

మల్లెలు మళ్లీ పూస్తున్నాయి. ఇప్పుడు బంతి దాచేది నాయనమ్మే. "ఏమే, పనికెళ్లవా?" అని రోజూ తనే గొలుసు విప్పుతోంది.