ప్రభ మీద గిటారుకు సెల్లా? కరెంటా?

నరసరావుపేట: మహాశివరాత్రి నాటి రాత్రి కోటప్పకొండ కింద విద్యుత్ ప్రభలు బారులు తీరి నిలబడతాయి. వాటిలో 80 అడుగులకు పైబడినవీ ఉంటాయి. ప్రభ నిండా రంగు దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ముందు వేదిక మీద పాట కచేరీ, వెనుక జనరేటరు మోత. త్రికోటేశ్వరుని దర్శనం చేసుకుని కొండ దిగిన జనం పట్టాలు పరుచుకుని తెల్లవార్లూ పాటలు వింటారు.

గాయకుడు పల్లవి ఎత్తుకోబోతాడు. గిటారు వాయించే అతను కాలి దగ్గరున్న చిన్న పెట్టెను తొక్కుతాడు. తీగ మోగక ముందే స్పీకర్లలోంచి గుయ్యిమని రొద లేస్తుంది. లేదా అర్ధరాత్రి దాటాక మంచి పాట మధ్యలో గిటారు గొంతు పూడుకుపోతుంది. ‘వీడికి వాయించడం రాదు’ అని జనం తేల్చేస్తారు. మరుసటి ఏడు ఆ పార్టీకి పిలుపు రాకపోవచ్చు. నిజానికి తప్పు చాలాసార్లు చేతిది కాదు. కాలి దగ్గరి పెట్టెకు అందే కరెంటుది.

ఏమిటీ పెట్టె?

గిటారు నుంచి వచ్చే నాదం స్పీకరుకు పోయే దారిలో ఈ పెట్టె ఉంటుంది. దీన్ని పెడల్ అంటారు. ఒకటి స్వరాన్ని గరగరలాడిస్తుంది. ఒకటి కొండ మీద కేకలా ప్రతిధ్వని ఇస్తుంది. మరొకటి అలలా ఊపుతుంది. 1962లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పెట్టె ఒకటిన్నర వోల్టుల సెల్లులు రెండింటితోనే పని చేసింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం తమ పాటలో దాన్ని వాడాక దాని పేరు లోకమంతా తెలిసింది. ఇప్పటి పెట్టెల్లో ఎక్కువ భాగం 9 వోల్టులవి. మల్టీమీటరులో వేసే చదరపు బ్యాటరీయే వీటిలో చాలావాటికి సరిపోతుంది. లేదా అడాప్టరు పెట్టి కరెంటుతో నడపవచ్చు. పాతవారు ఎలిమినేటర్ అనేది దీన్నే.

సెల్లు మేలు

కరెంటు లేని ఊళ్లలో ఒకప్పుడు కారు బ్యాటరీతో మైకు సెట్లు నడిచిన సంగతి పెద్దలకు గుర్తే. బ్యాటరీ కరెంటులో ఒడిదుడుకులు ఉండవు. మన లైన్లలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అడాప్టరు దాన్ని చదును చేసి ఇవ్వాలి. చవక అడాప్టరులో ఆ పని సగమే జరుగుతుంది. మిగిలిన ఊపే స్పీకరులో గుయ్యిమంటుంది. దీపాల బరువు పెరిగి తగ్గినప్పుడల్లా జనరేటరు వోల్టేజీ కూడా కదులుతుంది. సెల్లుకు ఈ బెడద ఏదీ లేదు.

ఇంకొక విశేషం ఉన్నది. సెల్లు పాతబడుతున్న కొద్దీ దాని లోపలి నిరోధం పెరిగి వోల్టేజీ జారుతుంది. గరగర పెట్టెలలో కొన్నిటికి అప్పుడు నాదం మెత్తబడుతుంది. ఆ మెత్తదనం కోసమే సగం అయిపోయిన చవక సెల్లులను దాచుకునే గిటారిస్టులు లోకంలో ఉన్నారు.

లెక్క వేసి చూస్తే

అయితే సెల్లులో సరుకు కొద్ది. మంచి ఆల్కలైన్ రకం 9 వోల్టుల బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటల సత్తువ ఉంటుంది. సాదా గరగర పెట్టె 5 మిల్లీ ఆంపియర్లు తాగితే ఆ సెల్లు 100 గంటలు వస్తుంది. అంటే పది రాత్రుల కచేరీలకు పైమాటే. ప్రతిధ్వని ఇచ్చే డిజిటల్ పెట్టె 60 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. కాగితం మీద లెక్కకు 8 గంటలు. అంత గట్టిగా లాగినప్పుడు చేతికి వచ్చేది అంతకంటె తక్కువే. రాత్రి 9కి మొదలైన కచేరీలో తెల్లవారకుండానే సెల్లు చేతులెత్తేస్తుంది. చవక కార్బన్ రకమైతే ఇంకా ముందే పోతుంది. పెద్ద డిజిటల్ పెట్టెలు కొన్ని 100 నుంచి 300 మిల్లీ ఆంపియర్లు తాగుతాయి. వాటికి సెల్లు అరే ఉండదు.

చాలామందికి తెలియని నష్టం మరొకటి ఉన్నది. సెల్లుతో నడిచే పెట్టెల్లో ఎక్కువవాటికి విడిగా స్విచ్చి ఉండదు. గిటారు తీగ గుచ్చడమే స్విచ్చి వేయడం. తీగ పీకకుండా భోజనానికి వెళితే, పాట లేకపోయినా సెల్లు అరిగిపోతూనే ఉంటుంది.

నాలుగు పొలాలకు ఒకే మురుగు కాలువ

సెల్లు ఖర్చు భరించలేక చాలామంది ఒకే అడాప్టరుకు గొలుసు తీగ వేసి నాలుగైదు పెట్టెలకు తగిలిస్తారు. పాపం అక్కడే మొదలవుతుంది. నాలుగు పొలాలకు ఒకటే మురుగు కాలువ ఉన్నదనుకోండి. పై పొలం వదిలిన నీరు ఎగదన్ని పక్క మడిలోకి వస్తుంది. ఇక్కడా అంతే. పెట్టెలన్నీ వాడిన కరెంటు తిరిగి పోయే దారి ఒకటే. నాదం నడిచే దారి కూడా దానితోనే కలిసి ఉంటుంది. డిజిటల్ పెట్టె వదిలే కీచుధ్వని గరగర పెట్టెలోకి ఎగదన్ని, అక్కడ పదింతలై స్పీకరుకు చేరుతుంది.

దీనికి విరుగుడు ఏ పొలానికి ఆ పొలం కాలువ తవ్వడమే. ‘ఐసోలేటెడ్’ అని రాసి ఉన్న పవర్ సప్లయిలలో ప్రతి పెట్టెకూ వేరు దారి ఉంటుంది. ఒకదాని రొద మరొకదానికి అంటదు. వీటి ధర ఎక్కువే. అయితే ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ తరహా జర్మేనియం ట్రాన్సిస్టర్ల పెట్టెలలో కొన్నిటికి ప్లస్, మైనస్ తిరగబడి ఉంటాయి. వాటిని గొలుసులో కలిపితే షార్టు అవుతుంది. వాటికి సెల్లే క్షేమం.

చేతికి దొరికిన అడాప్టరు పెట్టడం కూడా ప్రమాదమే. పెడళ్లలో ఎక్కువవాటికి మధ్య పిన్ను మైనస్. ఇంటర్నెట్ రౌటర్ల అడాప్టర్లకు సాధారణంగా మధ్య పిన్ను ప్లస్. చాలా యమహా కీబోర్డులకూ అంతే, పైగా అవి 12 వోల్టులవి. పెట్టె వెనుక గీసిన బొమ్మనూ, అడాప్టరు మీది బొమ్మనూ పోల్చి చూశాకే గుచ్చాలి.

ఎర్త్ పిన్ను విరవవద్దు

రొద భరించలేక కొందరు చేసే పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. యాంప్లిఫయరు ప్లగ్గులోని మూడో పిన్నును, అంటే ఎర్త్‌ను, విరిచేస్తారు. రొద తగ్గుతుంది. ‘బాగుపడింది’ అనుకుంటారు. గిటారు తీగలు ఆ యాంప్లిఫయరు ఒంటికి కలిసి ఉంటాయి. లోపల ఎక్కడైనా కరెంటు తగిలితే అది నేరుగా తీగల మీదికి వస్తుంది. చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్న మనిషి రెంటికీ మధ్య వంతెన అవుతాడు.

1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో ఇదే జరిగింది. స్టోన్ ద క్రోస్ అనే బృందంలో గిటారు వాయించే లెస్ హార్వే, ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణం వదిలాడు. పెట్టెలో సెల్లు వేసుకున్నాను, నాకేమీ కాదని ధీమా పడేందుకు వీల్లేదు. గిటారు తీగకు అవతలి కొస యాంప్లిఫయరులోనే ఉన్నది.

ఏది మేలు?

రెండూ కావలసినవే. తక్కువ తాగే గరగర పెట్టె ఒకటి రెండు మాత్రమే ఉన్నవారికి సెల్లు చాలు. డిజిటల్ పెట్టె ఉంటే దానికి విడిగా మంచి అడాప్టరు పెట్టాలి. పెట్టెలు నాలుగు దాటితే వేరు దారులున్న పవర్ సప్లయి కొనడమే లాభం. కరెంటు నమ్మకం లేని చోట్లకు పెడళ్ల కోసమే చేసిన చార్జింగ్ బ్యాటరీలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

రొద ఎక్కడిదో తేల్చడానికి సెల్లే చవకైన వైద్యుడు. అడాప్టర్లన్నీ తీసి, ఒక్క పెట్టెలో కొత్త సెల్లు వేసి వాయించి చూడాలి. రొద పోతే దోషం అడాప్టరుది. పోకపోతే గిటారు తీగనో, పక్కనున్న దీపాలనో, గిటారు పికప్‌నో అనుమానించాలి. ఏ సందర్భంలోనూ ఎర్త్ జోలికి పోకూడదు.

కచేరీ పెట్టించే ఊరివారి వంతు కూడా ఉన్నది. మైకులు, గిటారు, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి, మూడు పిన్నుల ప్లగ్గులతో కరెంటు తీసుకోవాలి. ఆ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. జనరేటరుకు ఎర్త్ రాడ్డు దిగగొట్టి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత అన్నీ పరీక్ష చేయించాలి. పొలంలో మోటారు ఎర్త్ గుంతకు నీళ్లు పోయడం రైతుకు కొత్త కాదు. ప్రభ వెనుక ఉన్న రాడ్డు మొదట్లో కూడా, పాట మొదలయ్యే ముందు, రెండు బిందెలు పోయించాలి.