కొత్త కంప్యూటరు కొనుటకు ముందు

2025 అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు తన సాధారణ పోషణను చాలించినది. ఆనాటితో ఏ యింటి కంప్యూటరును ఆగిపోలేదు. మరునాడు మీట నొక్కినవారికి తెర ఎప్పటివలెనే వెలిగినది. ఆగినది వేరొకటి. ప్రోగ్రాములలో బయటపడు లోపములను సరిదిద్దుటకు నెలనెలా వచ్చుచుండిన భద్రతా సవరణలు ఆగిపోయినవి. గృహస్థులు 2026 అక్టోబరు 13 వరకు వానిని పొందుటకు ఒక మార్గము కల్పింపబడినది గాని, అది గడువే తప్ప పరిష్కారము కాదు. ఇంటి తాళము చక్కగనే పనిచేయుచున్నది. కాని దానికి మారుచెవి ఎవరైన చేసినచో, ఆ తాళమును మార్చి యిచ్చువారు ఇక లేరు. స్థితి యిట్టిది.

జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి ప్రాంతములలోని పెద్ద కర్మాగారములకు కంప్యూటర్ల సంగతి చూచుకొనుటకు ప్రత్యేక విభాగములుండును. ఆలోచన పడవలసినవారు చిన్నవారు: నలుగురు పనివారితో లేతు యంత్రములు నడుపు వర్క్‌షాపు యజమాని, పదిమంది వ్యాపారుల లెక్కలు వ్రాయు అకౌంటెంటు, శుభలేఖలు, కరపత్రములు కూర్చు డి.టి.పి. దుకాణదారు, పిల్లల చదువు కొరకు ఒక ల్యాప్‌టాప్ కొనిపెట్టిన ఉద్యోగి. వీరికి కొత్త కంప్యూటరు అనగా ఒక నెల జీతము, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన వ్యయము. అట్టి వ్యయము చేయుటకు ముందు ఏ క్రమమున ఆలోచింపవలెనో చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా యంత్రమునకును మనము చేయు పనికిని నడుమ నిలిచి నడిపించు మూల ప్రోగ్రాము. కీబోర్డుపై మనము కొట్టిన అక్షరమును గ్రహించి తెరపై చూపునది, డిస్కులో భద్రపరచునది, ప్రింటరునకు పంపునది అదియే. దీనిని సౌలభ్యము కొరకు వ్యవస్థ యందము. నేడు గృహములలో, చిన్న కార్యాలయములలో ప్రధానముగ మూడు వ్యవస్థలు కానవచ్చును. మొదటిది మైక్రోసాఫ్టువారి విండోస్. రెండవది ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లకు మాత్రమే తయారుచేయు మ్యాక్. మూడవది లినక్స్. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన దీనిని నేడు ప్రపంచమునందలి అనేకులు కలసి అభివృద్ధి చేయుచున్నారు. ఉబుంటు, మింట్ మొదలగు పేర్లతో అది ఉచితముగ లభించును.

వ్యవస్థ మారినప్పుడు యంత్రము నేల మార్చవలెనను సందేహము కలుగవచ్చును. విండోస్ 11 వచ్చినది 2021 అక్టోబరులో. అది అన్ని కంప్యూటర్లను అంగీకరింపదు. టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము ఉండవలెను; ప్రాసెసరు ఇంటెల్‌వారిదైనచో 8వ తరమునకు, ఏ.ఎం.డి.వారిదైనచో ఇంచుమించు రైజెన్ 2000 శ్రేణికి తక్కువ కారాదు. అనగా 2015, 2016 ప్రాంతమున కొన్న యంత్రము ఎంత చక్కగ నడచుచున్నను సాధారణముగ దానికి ప్రవేశము లేదు. యంత్రము చెడక పూర్వమే దానికి కాలము తీరినది. ఇట్టివారి యెదుట మూడు దారులు కలవు: విండోస్ 11తో కొత్త యంత్రము కొనుట, ఆపిల్ కంప్యూటరునకు మారుట, లేక లినక్సునకు మారుట. ఈ మూడవ దారిలో పాత యంత్రమునే నిలుపుకొను అవకాశము కూడ కలదు.

రేడియో కొన్నవారికి ఒక సంగతి తెలియును. మీడియం వేవు మాత్రమే అందుకొను సెట్టును ఇంటికి తెచ్చి, షార్టు వేవు స్టేషను వినబడుట లేదని చింతించిన ప్రయోజనము లేదు. ఏ స్టేషను వినగోరుదుమో ముందు నిశ్చయించుకొని, అది పలుకు సెట్టును కొనవలెను. కంప్యూటరు విషయమున కూడ మొదట పని, పిదప ఆ పనికి తగిన వ్యవస్థ, అటుపిమ్మట ఆ వ్యవస్థకు తగిన యంత్రము. దుకాణములలో జరుగునది సాధారణముగ దీనికి విపర్యయము. ధరచూచి యంత్రమును కొందుము. అందులో నేది యున్న దానితో సరిపెట్టుకొందుము. పని చెడినప్పుడు విచారింతుము.

కావున ముందుగ ఒక కాగితముపై మీరు కంప్యూటరుతో చేయు పనులన్నియు వ్రాసికొనుడు. ఉత్తరములు వ్రాయుట, చలనచిత్రములు చూచుట, బ్యాంకు, విద్యుత్ బిల్లు, రైలు టికెట్టు, దూరమున నున్న బిడ్డలతో ముఖాముఖి మాటలాడుట: ఇవి చాలవరకు బ్రౌజరులోనే జరుగును గావున ఏ వ్యవస్థ యైనను చాలును. పత్రములు, పట్టికలు వ్రాయుటకు లినక్సులో లిబ్రె ఆఫీసు ఉచితముగ కలదు. సాధారణ లేఖలు, పట్టికలు అందు చక్కగ నడచును. క్లిష్టమైన సూత్రములతో, మాక్రోలతో అల్లిన ఎక్సెల్ పట్టికలు మాత్రము తారుమారు కావచ్చును.

ఇక మన పారిశ్రామిక ప్రాంతమునకు ప్రత్యేకమైన పనులు. ట్యాలీ విండోస్ కొరకు తయారైనది. 2017 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. రిటర్నులు బ్రౌజరులో దాఖలు చేయవచ్చును గాని, డిజిటల్ సంతకపు టోకెను వాడువారు ఆ టోకెనునకు లినక్సు డ్రైవరు కలదో లేదో విచారింపవలెను; కొన్నింటికి కలదు, కొన్నింటికి లేదు. ఆటోక్యాడ్ విండోసునందును మ్యాకునందును కలదు గాని లినక్సునకు లేదు. కర్మాగారపు నియంత్రణ పరికరములకు ప్రోగ్రాములు వ్రాయు సాధనములు పెక్కు విండోసుపైననే నడచును. ఇట్టి పని యొక్కటి నిత్యావసరమైనను, కనీసము ఒక యంత్రము విండోసుతో నుండుట మేలు. అట్లని కార్యాలయములోని నాలుగు కంప్యూటర్లును అట్లే యుండనక్కరలేదు. లెక్కల బల్లమీది దానిని కొత్తది చేసి, తక్కిన మూడింటిని లినక్సుతో నడిపిన ఖర్చు నాల్గవ వంతునకు దగ్గరగ వచ్చును. ఇంజనీరింగు చదువు పిల్లలకు లినక్సు పరిచయము అదనపు విద్యయే యగును.

తెలుగు వ్రాయువారు ప్రత్యేకముగ గమనింపవలసినది వేరొకటి కలదు. మన డి.టి.పి. దుకాణములలో చిరకాలము అను ఫాంట్లతో పేజ్‌మేకరులో పని సాగినది. ఆ పద్ధతిలో కంప్యూటరు లోపల నిజముగ తెలుగు అక్షరము లేదు. ఇంగ్లీషు అక్షరములకు, చిహ్నములకు కేటాయించిన స్థానములలో తెలుగు అక్షర ఖండములను చిత్రించి చూపిరి. ఆ ఫాంటు ఉన్నంతకాలము అది తెలుగు. ఫాంటు లేని యంత్రమున అదే ఫైలు అర్థములేని ఇంగ్లీషు గజిబిజి. వ్యవస్థ మార్చిన దినమున పది పదునైదేండ్ల శ్రమ ఇట్లు మూగవోవచ్చును.

యూనికోడ్ దీనికి విరుగుడు. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే మన లిపికి 128 స్థానముల గడి యొకటి కేటాయింపబడినది. అందు 'అ' అను అక్షరము ఏ యంత్రమునందైనను, ఏ వ్యవస్థయందైనను 'అ' యే. పాత ఫైళ్ళను యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు. పాత యంత్రము పనిచేయుచుండగనే ఆ మార్పు చేసికొని, ఒత్తులు, గుణింతములు చెడలేదని కంటితో సరిచూచుకొనవలెను. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ మొదలగు పేర్లతో అందమైన యూనికోడు ఫాంట్లు ఉచితముగ లభించుచున్నవి. టైపు చేయుటకు భారత ప్రభుత్వము ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మూడు వ్యవస్థలలోను కలదు. ఆపిల్, మాడ్యులర్ అమరికలకు అలవాటుపడిన వ్రేళ్ళకు తిరిగి నేర్చుకొనుటకు కొంతకాలము పట్టును. ఆ కాలమును కూడ ఖర్చులో చేర్చుకొనవలెను.

పనుల పట్టిక సిద్ధమైన పిదప, డబ్బు చెల్లింపకమునుపే లినక్సును పరీక్షించు వెసులుబాటు కలదు. 8 లేక 16 జీబీల పెన్‌డ్రైవులోనికి ఉబుంటునో మింటునో ఎక్కించి, దానినుండియే కంప్యూటరును నడుపవచ్చును. స్థాపింపుమని మనము ఆజ్ఞ ఇచ్చువరకు డిస్కులోని విండోసునకు మార్పు జరుగదు. ఈ రీతిగ కొన్ని దినములు వాడి వైఫై అందుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, కెమెరా, ప్రింటరు పనిచేయుచున్నవా, మూత మూసి తెరచిన యంత్రము మరల మేల్కొనుచున్నదా, తెలుగు వ్రాయ వీలగుచున్నదా యని పరీక్షింపవలెను. చౌక లేజరు ప్రింటర్లలో కొన్నింటికి కంపెనీవారి ప్రత్యేక డ్రైవరు లేనిదే పని జరుగదు గావున ప్రింటరును మరువరాదు. స్థాపించుటకు ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరొక డిస్కులో దాచుకొనుడు. బిట్‌లాకర్ అను రక్షణ అమర్చియున్నచో దాని పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి యుంచుడు. అది లేకున్న మీ డిస్కే మీకు తలుపు తెరువకపోవచ్చును.

ఈ పరీక్షలో పాత యంత్రము నెగ్గినచో కొత్తది కొననక్కరయే లేకపోవచ్చును. 64 బిట్ల ప్రాసెసరు ఉండి, తిరుగు హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. వేయించి, ర్యామ్‌ను 8 జీబీలకు పెంచినచో, ముదిసినదనుకొన్న యంత్రము ఇంకను కొన్ని యేండ్లు నిలుచును. కొత్త యంత్రపు ధరలో ఇది చిన్న భాగము.

కొనక తప్పనివారికి కొన్ని సూచనలు. లినక్సు కొరకు కొనువారు ఇంటెల్ లేక ఏ.ఎం.డి. ప్రాసెసరు గల దానినే ఎన్నుకొనుట క్షేమము. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసరుతో వచ్చు ల్యాప్‌టాపులు విండోసునకు తగినవే గాని, లినక్సు వానిపై అంత నిలకడగ కుదురుకొనలేదు. వైఫై చిప్పు ఇంటెల్‌వారిదైన సాధారణముగ చిక్కులుండవు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డునకు ఆ కంపెనీ డ్రైవరును వేరుగ చేర్చుకొనవలసి వచ్చును. ఆటలు, బొమ్మల పని లేనివారికి ఆ కార్డే అక్కరలేదు. నిన్ననే విడుదలైన నమూనాకంటె కొన్ని నెలలు గడచిన నమూనా మేలు. అప్పటికి దాని భాగములు లినక్సునకు పరిచితములై యుండును. ర్యామ్ 8 జీబీలకు తగ్గరాదు. 16 ఉన్న దీర్ఘకాలము సరిపోవును. తరువాత పెంచుకొన వీలున్నదా, లేక బోర్డునకే అతికించినారా యని దుకాణములో అడుగుడు. విండోస్ లేకుండ, డాస్ లేక ఉబుంటుతో అమ్ము ల్యాప్‌టాపులు కూడ మన బజారులో లభించును. విండోస్ అక్కరలేనివారికి ఆ వెల మిగులును.

ఆపిల్ కంప్యూటరునకు మారువారు గుర్తుంచుకొనవలసినది: 2020 నుండి ఆ కంపెనీ తన సొంత ప్రాసెసర్లను వాడుచున్నది. ఆ ల్యాప్‌టాపులలో ర్యామ్‌ను తరువాత పెంచుకొన వీలులేదు, కొన్ననాటిదే కడవరకు. పనితనమున అవి మేటివి. కాని మీ పట్టికలో విండోసునకే చెందిన ప్రోగ్రాము ఉన్నచో ఆ మేటితనము దానిని నడుపజాలదు.

యంత్రములను మార్చుట సులువు, మనుష్యుల అలవాటును మార్చుట కష్టము. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్సునకు మార నిశ్చయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లను మార్చినది. 2017లో తిరిగి విండోసునకే పోవ తీర్మానించినది. కేరళములో పాఠశాలల కంప్యూటరు విద్య చాలకాలముగ లినక్సుపైననే నడచుచున్నది. అచట ఉపాధ్యాయులకు శిక్షణయు, మాతృభాషలో పాఠములును సమకూర్చిరి. మన హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థ తెలుగు మెనూలతో లినక్సును రూపొందించినది. ఏ వ్యవస్థ నెన్నుకొన్నను, ఇంటిల్లిపాదికి, కార్యాలయములోని గుమాస్తాకు దానిని నేర్పు ఓపిక లేనిచో ఆ మార్పు నిలువదు.

చివరి మాట పాత యంత్రమును గూర్చి. పాత కంప్యూటరు అతుకులలో సీసము, పాత తెరల దీపములలో పాదరసము ఉండును. వ్యర్థములు ఎచటికి పోవునో ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యముపై వ్యాజ్యము 1990లోనే సుప్రీంకోర్టునకు పోయినది. ఆ పరిశ్రమల మురుగును మోసినది నక్కవాగు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న ఈ-వ్యర్థముల నియమములు పాత యంత్రములు నమోదైన పునరుత్పాదకులకే చేరవలెనని విధించుచున్నవి. డిస్కులోని మీ వివరములను పూర్తిగ తుడిచివేసి, పనికివచ్చు స్థితిలో నున్నచో ఒక విద్యార్థికో పాఠశాలకో ఇండు. లేనిచో అట్టి పునరుత్పాదకుని చేతికే అప్పగింపుడు.

దుకాణమునకు పోవునప్పుడు డబ్బుతోపాటు ఆ పనుల కాగితమును కూడ వెంట తీసికొనిపోవుడు. అమ్మువాడు యంత్రముయొక్క గుణములు చెప్పుచుండగ, మీరు మీ పనులను ఒక్కొక్కటిగ చదివి, అది జరుగునా యని అడుగుడు. ఆ ప్రశ్నలకు నిలిచిన యంత్రమే మీకు తగినది.