కిటికీ అవతల కృష్ణమ్మ

గత సంక్రాంతి సెలవులకు వారం ముందు, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఒక చిత్రం తెచ్చి చూపించాడు. ఎక్కడో దూరదేశంలోని ఒక విడిది అది. వసారాలో రెండు కుర్చీలు, ఎదురుగా ఆకాశాన్ని తాకే అగ్నిపర్వతం, దాని శిఖరం మీద సన్నని పొగ. “అమ్మీ, ఈ సెలవుల్లో మనమూ ఇలాంటి గదిలో రెండు రోజులు ఉందాం” అన్నాడు.

పిల్లవాడి కోరిక తప్పు కాదు. భూమిపై సంచరించి సృష్టిని పరికించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు మనిషిని ప్రోత్సహిస్తుంది. అయితే ఏ ప్రయాణానికైనా స్తోమత అనే హద్దు ఉంటుంది. అప్పు చేసి చూసే అందం ఇల్లు చేరేలోపే భారంగా మారుతుంది. మన దేశంలో సజీవంగా ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే. అండమాన్ సముద్రంలో పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న బారెన్ దీవి అది. దీర్ఘకాలం నిద్రాణంగా ఉండి 1991లో మళ్ళీ మేల్కొన్నది. అక్కడ జననివాసమే లేదు, ఇక విడిది ఎక్కడిది? ఓడలో నుంచి దూరంగా చూసి వెనుదిరగవలసిందే.

చివరకు మావారు ఒక మధ్యేమార్గం ఆలోచించారు. గుడివాడలోని మా ఇంటి నుంచి విజయవాడ దూరం 45 కిలోమీటర్లకు మించదు. అక్కడ భవానీపురం వైపు నది ఒడ్డున, రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాటులో రెండు రాత్రులు ఉందామన్నారు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆమె మౌనానికి కారణం నాకు తెలుసు. అయినా ఆమెను ఒంటరిగా ఇంట్లో వదలి వెళ్ళలేక వెంట తీసుకువెళ్ళాము.

వంటగది ఉన్న విడిది

కుటుంబంతో ప్రయాణించే మన గృహిణులకు హోటలు గదికంటె ఇటువంటి ఫ్లాటు అనేక విధాల అనుకూలం. మన వంట మనమే చేసుకోవచ్చు. హలాల్ విషయంలో సందేహానికి తావుండదు. మధుమేహం ఉన్న పెద్దలకు వేళకు తగిన భోజనం అమరుతుంది. స్త్రీలకు మరుగు ఉంటుంది, నమాజుకు చోటు ఉంటుంది. అయితే డబ్బు చెల్లించకముందే కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. లిఫ్టు పనిచేస్తుందా? వంటగ్యాసు, తాగునీరు అద్దెలో భాగమేనా? వసారా కటకటాలు చిన్నపిల్లలకు సురక్షితమైన ఎత్తులో ఉన్నాయా? ‘నది కనబడుతుంది’ అంటే గదిలోనుంచి కనబడుతుందా, మేడపైకి ఎక్కితేనే కనబడుతుందా? ఈ చివరి ప్రశ్న మేము ముందుగానే అడిగాము గనుక నిరాశ తప్పింది.

ఐదో అంతస్తులోని ఆ ఫ్లాటు వసారాలో నిలబడితే కృష్ణమ్మ కనుచూపు మేర పరచుకొని ఉంది. నడుమ సుమారు 130 ఎకరాల భవానీ ద్వీపం. ఆవలి ఒడ్డున ఉండవల్లి కొండలు. ఎడమవైపు దూరంగా ప్రకాశం బ్యారేజి. 1957లో పూర్తయిన ఆ బ్యారేజి పొడవు 1,223 మీటర్లు, తలుపులు 70. అంతకు వందేళ్ళ ముందు, 1855 నాటికి, అదే చోట మొదటి ఆనకట్ట లేచింది. 1833 ప్రాంతపు భయంకరమైన కరువులో గుంటూరు సీమ శ్మశానమైన తరువాతనే పాలకులకు ఈ నీటి విలువ తెలిసివచ్చింది. నేడు డెల్టాలో 12 లక్షలకు పైగా ఎకరాలు ఈ బ్యారేజి నీటితోనే పచ్చగా ఉన్నాయి. మనం తినే అన్నంలో ఎంతో భాగం ఆ తలుపుల వెనుక నిలిచిన నీరే.

పిల్లలు వసారా విడిచి రాలేదు. మా అమ్మ మాత్రం కుర్చీని గోడవైపు తిప్పుకొని, నదికి వీపు పెట్టి కూర్చుంది. తస్బీహ్ చేతిలో తిరుగుతూనే ఉంది, చూపు మాత్రం గోడను దాటలేదు.

2024 సెప్టెంబరు 1వ తేదీన విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లోని ఆమె ఇంటిలోకి నీరు వచ్చింది. బుడమేరు గట్లు తెగి, సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీలు మునిగిపోయాయి. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటి కొత్త రికార్డు నెలకొల్పింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజి తలుపులను ఢీకొన్నాయి. అమ్మ పక్కింటివారి మేడమీద మూడు రాత్రులు గడిపింది. పడవల మీద, డ్రోన్ల ద్వారా వచ్చిన అన్నం పొట్లాలతో అక్కడి జనమంతా ప్రాణాలు నిలుపుకున్నారు. నాన్నగారి చేతిరాతతో ఉన్న పుస్తకాలు, ఆయన జానమాజ్, పెళ్ళినాటి చెక్కపెట్టె అన్నీ బురదపాలయ్యాయి. నీరు తీసిన తరువాత ఇంటికి తాళం వేసి మా వద్దకు వచ్చిన ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇల్లు అమ్మివేయమని మాత్రం నాలుగు నెలలుగా చెబుతూ ఉంది.

నదిలో దాగిన నిప్పు

ఆ సాయంత్రం అబ్బాయి మళ్ళీ అందుకున్నాడు: “ఇక్కడ నీళ్ళే తప్ప అగ్నిపర్వతం లేదు కదా!”

మావారు పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తారు. ఆయన వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని అడిగారు: “ఈ నది ఎక్కడ పుట్టిందో చెప్పు.”

“మహాబలేశ్వరంలో.”

“ఆ కొండ దేనితో తయారైందో తెలుసా?”

వాడు తెల్లబోయాడు. నిజం చెప్పాలంటే నేనూ అంతే.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం, పడమటి దక్కన్‌లో నేల బీటలు వారి, ఆ బీటలలోనుంచి లావా ఉప్పొంగింది. ఒకసారి కాదు, పొర మీద పొరగా లక్షల ఏళ్ళపాటు. చల్లారిన ఆ లావా నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉంది. మహాబలేశ్వరం కొండలు ఆ పొరల దొంతరలే. అక్కడ దాని మందం కిలోమీటరుకు పైమాటే. ఆ రాతిపై పడిన వాన సెలయేరై, కృష్ణానదియై, 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. దారి పొడవునా ఆ నల్లరాతిని అరగదీసి, పిండిచేసి, వరదనీటితో మోసుకొచ్చి మన వాకిళ్ళలో పోసింది. డెల్టాలోని నల్లని ఒండ్రులో ఆ నిప్పురాతి పొడి ఉంది. దక్కన్‌లో అదే రాయి ఉన్నచోటనే నలిగి నల్లరేగడి అయింది. నేల శాస్త్రజ్ఞులు ఆ నేలను పిలిచే ‘రెగర్’ అనే మాట మన తెలుగు ‘రేగడి’ నుంచి వెళ్ళినదే.

ఆ లావా పొడిగా మాత్రమే కాదు, రాయిగానూ మన వైపు వచ్చింది. రాజమహేంద్రవరం పరిసరాల్లో, గోదావరికి ఈవల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో రోడ్లకోసం కొట్టే నల్లకంకర అదే. పడమటి కనుమల వద్ద పుట్టిన లావా ప్రాచీన నదీలోయల వెంట వందల కిలోమీటర్లు ప్రవహించి ఇంతదూరం చేరిందనీ, భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇది ఒకటనీ భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

“నువ్వు కోరిన అగ్నిపర్వతం నీ భోజనపు పళ్ళెంలోకే వచ్చింది బాబూ” అన్నారు మావారు.

అప్పటిదాకా గోడవైపే చూస్తున్న అమ్మ మెల్లగా అడిగింది: “మదీనాలో బస్సు కిటికీలోనుంచి నల్లటి రాళ్ళు చూశాను. మైళ్ళకొద్దీ ఉన్నాయి. అవి కూడా ఇవేనా?”

2023లో గన్నవరం నుంచి హజ్ విమానాలు బయలుదేరినప్పుడు అమ్మ మా తమ్మునితో కలిసి ఆ యాత్ర చేసింది. ఆమె గుర్తుంచుకున్నది నిజమే. పవిత్ర మదీనా నగరానికి ఇరువైపులా నల్లని లావాభూములు ఉన్నాయి. అరబ్బీలో వాటిని ‘హర్రా’ అంటారు. హిజ్రీ 654లో, అంటే క్రీ.శ. 1256లో, మదీనాకు ఆగ్నేయాన నేల చీలి నిప్పు ఎగసింది. దాదాపు 52 రోజులు రగిలిన ఆ లావా 20 కిలోమీటర్లకు పైగా పాకి నగరం వైపు వచ్చి ఆగిపోయింది. ప్రజలు మస్జిదె నబవీలో చేరి రాత్రులు దుఆలో గడిపిన వైనాన్ని మదీనావాసుల ఉత్తరాల ఆధారంగా డమాస్కస్ చరిత్రకారుడు అబూ షామా నమోదు చేశాడు. హజ్‌కు వెళ్ళే మన పెద్దలు ఎందరో అగ్నిపర్వతాల నడుమ బస చేసి, ఆ సంగతి తెలియకుండానే తిరిగి వస్తున్నారు!

“అంత నిప్పు వచ్చినా మదీనా మదీనాగానే ఉంది” అన్నది అమ్మ. అంతకుమించి ఆ రాత్రి మాట్లాడలేదు.

చూసేవారూ ఉండేవారూ

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఇండొనేషియాలోని జావా దీవిలో మెరాపి అనే అగ్నిపర్వతం ఉంది. దాని వాలుల్లో లక్షలమంది రైతులు నివసిస్తారు. వారిలో అత్యధికులు ముస్లిములే. 2010లో అది పేలినప్పుడు మూడువందలకు పైగా ప్రాణాలు పోయాయి. బూడిద చల్లారగానే జనం తిరిగి తమ పొలాలకు వెళ్ళారు, ఎందుకంటే పంటనిచ్చేది ఆ బూడిదే. పొగలు కక్కే శిఖరం యాత్రికుని కంటికి దృశ్యం. అక్కడి రైతుకు మాత్రం అది అన్నమూ, భయమూ.

కృష్ణాతీరమూ అంతే. డెల్టాకు ఒండ్రునిచ్చింది వరదలే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించారు. ఆ సీమ ప్రజలు తమ నేలను వదలలేదు. ఐదో అంతస్తు వసారాలో టీ తాగుతూ ‘ఎంత అందం!’ అనే హక్కు మనకు ఉంది. కాని ఆ అందం పక్కనే బ్రతుకుతున్నవారి పట్ల మనకొక బాధ్యత కూడా ఉంది.

అతిథికి ఇస్లాం గొప్ప హక్కులు ఇచ్చింది. అదే సమయంలో ఆతిథేయునికి భారం కారాదని దైవప్రవక్త (స) అతిథికీ బోధించారు. డబ్బు చెల్లించి ఉన్నా మనం ఆ ఊరికి అతిథులమే. నదిలో ప్లాస్టిక్ పారవేయకపోవడం, పడవ నడిపేవారితో, చిరువ్యాపారులతో పది రూపాయల కోసం గీచి బేరమాడకపోవడం, మునిగిన బస్తీల్లో జనం కష్టాన్ని ఫోటోలుగా మార్చుకోకపోవడం ఆ అతిథి ధర్మంలోనివే. మన ప్రాణాల విషయంలోనూ అజాగ్రత్త తగదు. 2017 నవంబరులో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా జలసమాధి అయ్యారు. లైఫ్ జాకెట్ లేకుండా, పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పడవలో ఎంత తొందర ఉన్నా ఎక్కవద్దు. వరదకాలంలో నది ఒడ్డున గది తీసుకునేటప్పుడు ఎగువ నుంచి వస్తున్న నీటి వార్త తెలుసుకొని మరీ బయలుదేరండి.

తిరుగు ప్రయాణం

రెండో రోజు ఫజ్ర్ వేళ. “మనం ముసాఫిరులమా? నమాజు తగ్గించుకోవచ్చా?” అని అబ్బాయి ముందురోజే అడిగాడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కనీసం 78 కిలోమీటర్ల దూరం ఉండాలనీ, గుడివాడ నుంచి వచ్చిన మనకు ఆ సౌలభ్యం వర్తించదనీ వాళ్ళ నాన్న చెప్పారు. విజయవాడ నుంచి ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. మహాబలేశ్వరం ఉన్న దిక్కూ దాదాపు అదే. నది వచ్చే దిక్కుకే ముఖం పెట్టి నిలబడ్డాము.

సలాం చెప్పిన తరువాత చూస్తే, అమ్మ కుర్చీ నదివైపు తిరిగి ఉంది. బ్యారేజి మీద దీపాలు ఇంకా ఆరలేదు. చేపలవాళ్ళ పడవ ఒకటి ద్వీపం పక్కగా వెళుతోంది. చాలాసేపు చూసి, “మన ఇంట్లోకి వచ్చింది ఇది కాదమ్మా, బుడమేరు” అన్నది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్ళింపు నీటిని అది ఇముడ్చుకోలేదని మావారు వివరించబోయారు. నేను కళ్ళతోనే వద్దన్నాను. అమ్మకు ఆ సంగతి తెలియక కాదు. మనసు ఒక అడుగు వేసే వేళ లెక్కలు అడ్డుపడకూడదు.

“వెళ్ళేటప్పుడు సింగ్ నగర్ మీదుగా పోదాం” అన్నది.

ఖాళీచేసిన ఫ్లాటు వంటగదిలో మిగిలిన బియ్యం, పప్పు, నూనె మూట కట్టాము. మూడు రాత్రులు తనకు చోటిచ్చిన పక్కింటి అక్కగారికి అమ్మ స్వయంగా వాటిని అందించింది. వాళ్ళిద్దరూ గుమ్మంలో ఒకరినొకరు పట్టుకొని నిలబడిపోయారు. ఆ తరువాత అమ్మ తన ఇంటి తాళం తీసింది. గోడమీద నీటి చార ఆమె భుజం ఎత్తున ఉంది. ముందుగా కిటికీలన్నీ తెరిచింది. మనవణ్ణి పిలిచి, పెన్సిలుతో ఆ చార మీద తేదీ రాయమన్నది.

“ఎందుకు నానీ?”

“ఇల్లు కొనేవాళ్ళకు నిజం చెప్పాలి కదా” అని, ఒక్క క్షణం ఆగి, “అమ్మితే” అన్నది.

ఇల్లు అమ్ముతుందో లేదో ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఆ నిర్ణయం ఆమెదే. ప్రతి ఆదివారం మావారు ఆమెను అక్కడికి తీసుకువెళుతున్నారు. గోడలకు సున్నం వేయిస్తున్నారు, తేదీ రాసిన చోటును మాత్రం వదిలి.