కవిటి ముందా, కళింగపట్నం ముందా?

శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, కళింగపట్నం అనే రెండు ఊళ్ల పేర్లను కంప్యూటర్ చేత వరుసలో పెట్టించినప్పుడు, ప్రత్యేక సూచన ఏదీ లేకపోతే కళింగపట్నమే ముందు నిలుస్తుంది. బడిలో నేర్చే వర్ణమాలలో ‘ళ’ అక్షరం ‘హ’ తరువాత వస్తుంది కనుక కవిటి ముందుండాలి. కాని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించే 1991 నాటి యూనికోడ్, భారతీయ లిపులకు ఒకే వరుసను పాటించిన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి, ‘ళ’ను ‘ల’ పక్కన, ‘వ’కు ముందు నిలిపింది. యంత్రం ఆ సంఖ్యలనే పోల్చుతుంది.

వేరే క్రమం కావాలంటే దానిని యంత్రానికి అందించే సాధనం ఫంక్షన్ పాయింటర్. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో, వరుస పెట్టే పనికి ఉన్న క్యూసార్ట్ అనే సిద్ధ ఫంక్షన్‌కు ఏ వర్ణమాలా తెలియదు. ఏ పేరు ముందో తేల్చవలసిన ప్రతిసారీ అది ప్రోగ్రామ్ రాసినవారు ఇచ్చిన పోలిక ఫంక్షన్‌ను పిలిచి, రుణసంఖ్య వస్తే మొదటి పేరు ముందనీ, ధనసంఖ్య వస్తే రెండవది ముందనీ, సున్నా వస్తే రెండూ సమానమనీ గ్రహిస్తుంది. కంపైలర్ యంత్రభాషలోకి మార్చిన ఆ పోలిక ఫంక్షన్ మెమరీలో ఎక్కడ మొదలవుతుందో తెలిపే చిరునామాయే ఫంక్షన్ పాయింటర్. క్యూసార్ట్ జోలికి పోకుండా ఆ చిరునామాను మార్చితే చాలు, కవిటి ముందుకు వస్తుంది.

అయితే చిరునామా తెలిసినంత మాత్రాన పిలుపు సాగదు. పోల్చవలసిన పేర్ల జాడలను పిలిచేవారు ఎక్కడ ఉంచాలో, ఫలితం ఎక్కడ దొరుకుతుందో ఇరుపక్షాలకూ ముందే తెలియాలి. ఈ ఒడంబడికను కాలింగ్ కన్వెన్షన్ అంటారు. ఇంటెల్ తరహా 64-బిట్ ప్రాసెసర్ల మీద లినక్స్ ఆ రెండు జాడలను ఆర్‌డిఐ, ఆర్‌ఎస్‌ఐ అనే రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లోపలి అతివేగ నిల్వ స్థానాలలో ఉంచగా, విండోస్ ఆర్‌సిఎక్స్, ఆర్‌డిఎక్స్‌లలో ఉంచుతుంది.

అసలు చిక్కు 32-బిట్ విండోస్‌ది. అక్కడ జాడలు స్టాక్ అనే తాత్కాలిక మెమరీ మీదికి ఎక్కుతాయి. పని ముగిశాక వాటిని తొలగించే బాధ్యత సీడెక్ల్ పద్ధతిలో పిలిచినవారిది, స్టడ్‌కాల్ పద్ధతిలో పిలుపు అందుకున్నవారిది. సీడెక్ల్‌ను ఆశించే క్యూసార్ట్‌కు స్టడ్‌కాల్ ఫంక్షన్ చిరునామా ఇస్తే, 8 బైట్ల సరుకును ఇద్దరూ తొలగించబోవడంతో ప్రతి పిలుపుకూ స్టాక్ మరో 8 బైట్లు తప్పి, చివరకు ప్రోగ్రామ్ ఎక్కడో సంబంధం లేని చోట కూలవచ్చు. ఈ పొసగనితనాన్ని కంపైలర్ ముందే పట్టుకుని అభ్యంతరం చెబుతుంది. పాయింటర్ రకాన్ని బలవంతంగా మార్చి దాని నోరు మూయించడం మాత్రం ప్రోగ్రామర్ల చెడ్డ అలవాటు. 64-బిట్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ ప్రకటనలో రాసే సీడెక్ల్, స్టడ్‌కాల్ అనే మాటలను పట్టించుకోదు గనుక, అక్కడ సవ్యంగా నడిచిన ప్రోగ్రామ్‌ను 32-బిట్‌కు కంపైల్ చేసేవారు పోలిక ఫంక్షన్ ప్రకటనను మరొకసారి సరిచూసుకోవాలి.