ఉచితమా, స్వేచ్ఛా? – ఒక మాట మార్పు వెనక రాజకీయం

అభ్యుదయ సాహిత్య వర్గాల్లో ఓపెన్ సోర్స్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు వాదాలు వినబడుతూ వుంటాయి. అది సమష్టి ఆస్తికి నమూనా అని ఒక వాదం. పెట్టుబడిదారుడికి జీతం లేకుండా దొరికిన కూలీ అని రెండో వాదం. రెండిటిలోనూ కొంత నిజం వుంది. కాని ఉభయులూ రెండు వేరువేరు ఉద్యమాలను ఒకే పేరుతో పిలుస్తున్నారు. నేను కంప్యూటర్ నిపుణుణ్ణి కాను, తెలుగు ఉపాధ్యాయుణ్ణి. అయినా ఈ తగవుకు మూలం ఒక మాట మార్పులో వుంది కనుక సాహిత్య విద్యార్థులు పట్టించుకోవలసిన విషయమేనని నమ్ముతున్నాను.

ముందు విషయం స్పష్టం చేసుకుందాం. సాఫ్ట్‌వేర్‌ను మనుషులు చదవగలిగే ఒక కృత్రిమ భాషలో రాస్తారు. అది సోర్స్ కోడ్. మన పరిభాషలో మూలపాఠం. దాన్ని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెలుగా మార్చి, ఆ అంకెలను అమ్మి, మూలాన్ని దాచుకోవడం వ్యాపార సంస్థల పద్ధతి. ఆకు పేరు చెబితే పసరు పనిచెయ్యదని మన పల్లెల్లో ఒక నమ్మకం వుండేది. దానివల్ల ఎన్నో మందులు తెలిసినవాడితోనే మట్టిలో కలిసిపోయాయి. పల్లె వైద్యుడిది నమ్మకం. కంపెనీది లెక్క.

ఈ పద్ధతిని ఎదిరిస్తూ 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవడం, మూలాన్ని చదివి మార్చుకోవడం, నకళ్ళు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం – ఈ నాలుగు స్వేచ్ఛలూ వాడకందారుడి హక్కులని ఆ ఉద్యమం వాదించింది. 1989లో వెలువడిన జనరల్ పబ్లిక్ లైసెన్సు వీటికి చట్టరూపం. అది కాపీరైట్ చట్టాన్ని కాదనలేదు. ఆ చట్టాన్నే ఆయుధం చేసుకుంది. ఎవరైనా మార్చుకోవచ్చు, పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాని తీసుకున్నవాడు మరొకరికి ఇచ్చేటప్పుడు తనకు అందిన హక్కులన్నీ, మూలంతో సహా, వారికీ ఇచ్చి తీరాలి. ఉమ్మడి బావి నీళ్ళు తోడుకోవచ్చు గాని బావి చుట్టూ గోడ కట్టకూడదన్నమాట. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మరుసటి ఏడాది ఈ లైసెన్సు కిందికే వచ్చింది.

ఇక మాట సంగతి. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే స్వేచ్ఛ అనీ అర్థమే, ఉచితం అనీ అర్థమే. ఈ సందిగ్ధత వ్యాపార వర్గాలను బెదరగొడుతోందని కొందరు భావించారు. 1998 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో జరిగిన ఒక సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ ‘ఓపెన్ సోర్స్’ అనే మాట ప్రతిపాదించింది. ఆ నెలలోనే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ పుట్టింది. లైసెన్సులు చాలావరకు అవే. మారింది వాదం. ‘మూలం దాచడం అన్యాయం’ అని వెనకటివారు అన్నచోట, ‘మూలం తెరిస్తే తప్పులు త్వరగా దొరుకుతాయి, ఖర్చు తగ్గుతుంది’ అని కొత్తవారు అన్నారు. న్యాయాన్ని గురించిన ప్రశ్న సామర్థ్యాన్ని గురించిన ప్రశ్నగా మారిపోయింది. పదం మార్చి పదార్థాన్ని మార్చడమంటే ఇదే.

తరవాతి చరిత్ర ఈ మార్పును అనుసరించే నడిచింది. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చినవాడు అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్. అదే కంపెనీ 2018లో, ఓపెన్ సోర్స్ రచయితలు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. శత్రువు మనసు మార్చుకున్నాడని కాదు. తెరిచిన కోడ్ మీద కూడా లాభం పండించవచ్చని గ్రహించాడు. మరోవైపు 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు, ఇంటర్నెట్ భద్రతలో పెద్ద భాగాన్ని మోస్తున్న ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ను నడుపుతున్నది చాలీచాలని విరాళాల మీద కొద్దిమందేనని లోకానికి తెలిసింది.

ఇంకొక చిక్కు వుంది. కంపెనీ తన సొంత యంత్రాల మీద ప్రోగ్రాం నడిపి మనకు సేవ మాత్రమే అందిస్తే, నకలు ఎవరికీ ఇచ్చినట్టు కాదు. కాబట్టి మూలం ఇవ్వవలసిన బాధ్యత కూడా రాదు. ఈ సందును మూయడానికి 2007లో అఫేరో లైసెన్సు కొత్త రూపంలో వచ్చింది. చాలా కంపెనీలు దాన్ని దగ్గరికి రానివ్వవు. కోడ్ అందరిదీ అయినా యంత్రాలూ, వాటిని నడిపే పెట్టుబడీ కొందరివే అయినంతకాలం ఆ స్వేచ్ఛ సగమే. మొదటి వాదం చూడనిది ఇది. రెండో వాదం చూడనిది మరొకటి: సగం స్వేచ్ఛయినా శ్రమించి సాధించుకున్నదే, దాన్ని వదులుకుంటే మిగిలేది మూసిన గదే.

తెలుగు రచయితకు ఈ గది కొత్తది కాదు. సంవత్సరాల క్రితం డి.టి.పి. సెంటర్లో కొట్టించిన నా వ్యాసాలు కొన్ని ఇవాళ తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఒక కంపెనీ ఫాంటుకే తెలిసిన రహస్య సంకేతాల్లో అవి వున్నాయి. రచన నాది, తాళం వేరేవాడిది. 1991లోనే తెలుగు లిపికి స్థానమిచ్చిన యూనికోడ్ బహిరంగ ప్రమాణం. గిడుగు, గురజాడ పేర్లతో వున్న ఫాంట్లు ఎవరైనా వాడుకునే, మార్చుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. భాషను పండితుల గుప్పిట్లోంచి విడిపించినవారికి ఆ పేర్లు తగినవే. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు తెరతో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. కేరళలో 2000 దశకంలోనే ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మళ్ళాయి; ఉపాధ్యాయులు ముందు నేర్చుకుని పిల్లలకు నేర్పారు.

ఇంగ్లీషుకున్న ఇబ్బంది మనకు లేదు. ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు అని మన భాషే విడదీసి చెబుతోంది. చేతిలో ఇంత స్పష్టమైన మాట వుండగా వ్యాపారి అనుకూలం కోసం పుట్టిన పేరును మనం ఎందుకు మొయ్యాలి? చర్చలో ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అనే అందాం. అన్న వెంటనే ఎవరి స్వేచ్ఛ, ఎవరి శ్రమ, ఎవరి యంత్రం అనే మూడు ప్రశ్నలు వాటంతటవే ముందుకు వస్తాయి. వాటికి జవాబు వెతకడం అభ్యుదయ రచయిత పని. అంతకుముందు, తన రాతప్రతులను యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచడం ఇవాళే చెయ్యగలిగిన పని.