ఇంటర్నెట్ కాల్ ఎవరికి కలుస్తుంది?

తెలంగాణ నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడి పాస్‌పోర్ట్ సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయం నుంచి వస్తుంది. అక్కడికి చేరాక చాలాసార్లు దాన్ని యజమాని తీసేసుకుంటాడు. చేతిలో మిగిలేది ఫోనే. దళిత, బహుజన కుటుంబాల నుంచి ఇలా వెళ్లినవారు చాలామంది. అందుకే ఇంటర్నెట్ కాల్ చరిత్రను మేము హక్కుల చరిత్రగా చదువుతున్నాం.

పాత పద్ధతిలో మాట్లాడినంతసేపూ ఒక లైను ఆ కాల్‌కే కేటాయించేవారు. దూరం పెరిగితే బిల్లూ పెరిగేది. ఇంటర్నెట్ కాల్‌లో మన గొంతు చిన్న చిన్న డేటా ముక్కలుగా వెళ్లి, అవతల మళ్లీ మాటగా మారుతుంది. నిజామాబాద్‌కు చేసినా దుబాయ్‌కి చేసినా ఖర్చయ్యేది డేటానే.

మన దేశంలో ఇంటర్నెట్ కాల్స్‌కు 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతి వచ్చింది. అయితే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు, కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్‌కు మాత్రమే. కంప్యూటర్ నుంచి దేశంలోని మామూలు ఫోన్‌కు చేయకూడదని అప్పట్లో నిబంధన ఉండేది. 2003లో స్కైప్ వచ్చినా లాభపడింది కంప్యూటర్ ఉన్నవాళ్లే. వాడల్లోని కుటుంబాలకు ఎస్టీడీ బూతే దిక్కు. 2015లో వాట్సాప్ వాయిస్ కాల్స్, 2016 సెప్టెంబర్‌లో జియో చవక డేటా వచ్చాకే ఈ సౌకర్యం ఊళ్లకు చేరింది.

ఇక్కడ తెరిచిన తలుపు అక్కడ మూసి ఉంది. యూఏఈలో ప్రభుత్వం అనుమతించిన యాప్‌ల ద్వారానే ఇంటర్నెట్ కాల్స్ చేయాలి. 2018 జనవరిలో ఎతిసలాత్ సంస్థ బోటిమ్ వంటి యాప్‌లతో మొబైల్ ప్లాన్ తెచ్చి నెలకు 50 దిర్హాములు ధర పెట్టింది. సౌదీ 2017 సెప్టెంబర్‌లో కొన్ని యాప్‌లపై నిషేధం ఎత్తేసింది.

వాయిస్ మెసేజ్ పంపుకోవచ్చు కదా అనొచ్చు. జీతం ఆపేశారనో, గదిలో పెట్టి తాళం వేశారనో చెప్పి అప్పటికప్పుడు సలహా అడగాలంటే అది చాలదు. చదువు అందని కార్మికుడికి నేరుగా మాట్లాడటమే ఫిర్యాదు, అదే సాక్ష్యం.

కాబట్టి గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాల్లో ఉచిత కాల్స్ హక్కును చేర్చాలని భారత ప్రభుత్వాన్ని అడగాలి. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో ఏ దేశంలో ఏ యాప్ పనిచేస్తుందో చెప్పాలి. వలస బాధితుల వివరాలు రాసుకునే విద్యార్థులు, కార్యకర్తలు జీతంతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేయాలి: ఇంటికి మాట్లాడటానికి నెలకు ఎంత ఖర్చయింది?