పాత చీర, చిల్లగింజ, ఖాళీ సీసా

కలరా సూక్ష్మజీవి పొడవు మిల్లీమీటరులో వెయ్యోవంతుకు కాస్త అటూ ఇటూ. మడతలు పెట్టిన పాత నూలుచీరలో దారాల మధ్య సందులు అంతకు పదిరెట్లకు పైగానే పెద్దవి. అట్టి జల్లెడలో అంతటి అణుజీవి చిక్కుతుందంటే ఎవరు నమ్ముతారు? అయినా చిక్కుతున్నది.

మర్మమంతా ఆ క్రిమి జీవించే తీరులో ఉన్నది. చెరువులలో, కాలువలలో అది ఒంటరిగా తిరగడమే కాక, నీటిలో తేలియాడే కోపిపాడ్ అనే చిన్న ప్రాణిని అంటిపెట్టుకొని కూడ బతుకుతుంది. ఒక్కొక్క ప్రాణి ఒంటిమీద అట్టి క్రిములు వేలకొలది ఉండవచ్చు. కోపిపాడ్ మాత్రం చీర మడతలను దాటి పోలేదు. గుర్రం పట్టుబడితే రౌతు పట్టుబడినట్లే గదా!

అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్, ఆమె సహచరుడు అన్వర్ హక్ ప్రభృతులు ఈ ఊహను బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో పరీక్షించారు. నీటిని మరిగించి తాగడమే ఉత్తమమని అక్కడి తల్లులకు తెలియక కాదు. వంటకే చాలని కట్టెలు నీటికెక్కడివి? చీరకు మాత్రం కొదువ లేదు. పానకాలలో పడిన ఈగలను, ఆకులను వడగట్టడానికి వారు చీరచెంగును వాడుతూనే ఉన్నారు. కావలసినదల్లా మరికొన్ని మడతలు. 65 గ్రామాలలో, సుమారు 1,33,000 మంది నడుమ సాగిన ఈ పరిశోధన ఫలితాలు 2003లో వెలువడినవి. నీటిని వడగట్టిన ఇళ్ళలో కలరా 48 శాతం తగ్గింది.

చీర కొత్తది కారాదు. పలుమార్లు ఉతికినకొద్దీ నూలుపోగులు మెత్తబడి, విచ్చుకొని, సందులు ఇరుకవుతాయి. ఆ గుడ్డను నాలుగు నుంచి ఎనిమిది మడతలు పెట్టి బిందెమూతికి కట్టాలి. నీరు పోసిన ప్రతిసారీ జాడించి, మంచి ఎండలో ఆరవేయాలి. తడిగుడ్డను ముద్దచేసి మూలను పడవేస్తే అదే రోగాలకు నెలవవుతుంది. ఒంటరిగా ఈదే క్రిములను ఈ గుడ్డ ఆపలేదన్నది కూడ గుర్తుంచుకోవాలి.

మన పల్లెలలో ఏటికి కొత్తనీరు వచ్చినప్పుడు చిల్లగింజను అరగదీసి కుండలో కలపడం ఎరిగినవారు నేటికీ ఉన్నారు. సుశ్రుతసంహిత దీనిని కతకమన్నది. గింజలోని పదార్థం నీటిలోని మట్టిరేణువులను ఒకదానితో ఒకటి కలిపి బరువెక్కించగా, అవి అడుగుకు దిగుతాయి. సూడాన్‌లో నైలునది ఒడ్డున ఉన్న వారు మునగగింజలతో ఇదే పని చేసుకుంటారు. అయితే తేరిన నీరు తళతళలాడుతుంది కనుకనే మనలను మోసగించగలదు. తేట వేరు, శుద్ధి వేరు.

ఆ శుద్ధికి సూర్యుడున్నాడు. 1980 ప్రాంతాలలో లెబనాన్ రాజధాని బేరూత్‌లో ఆఫ్తిమ్ ఆక్రా బృందం నిరూపించిన పద్ధతి ఇది: రంగులేని రెండు లీటర్లలోపు ప్లాస్టిక్ సీసాను శుభ్రంగా కడిగి, పైకాగితం ఊడదీసి, తేటనీటితో నింపి, మంచి ఎండలో ఆరుగంటలు పడుకోబెట్టాలి. మబ్బుపట్టితే రెండు దినాలు. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. నీరు తగినంత తేటగా ఉన్నదో లేదో తెలియడానికి యంత్రమేదీ అక్కరలేదు. నిండుసీసాను వార్తాపత్రిక శీర్షికపై నిలబెట్టి, మూతిలోంచి కిందికి చూడండి. అక్షరాలు చదవగలిగితే చాలు. లేకుంటే ముందు చిల్లగింజకు పని చెప్పాలి. ఎండబెట్టిన నీటిని వేరే కుండలోకి ఒంపక, ఆ సీసాలోంచే తాగడం మంచిది.

నల్లగొండ నీటిలోని ఫ్లోరైడుకు గాని, బంగ్లాదేశ్ గొట్టపుబావుల ఆర్సెనిక్‌కు గాని వీటిలో ఏదీ మందు కాదు. మరిగించినా అవి పోవు.

మత్లబ్ పరిశోధన ముగిసిన అయిదేళ్ళకు పరిశోధకులు మరల ఆ ఊళ్ళకు వెళ్ళారు. నేర్పేవారు, అడిగేవారు లేకున్నా 31 శాతం స్త్రీలు ఇంకా నీరు వడగడుతూనే ఉన్నారు. మడతల సంఖ్య మాత్రం చాలా ఇళ్ళలో తగ్గిపోయింది. వడగట్టే ఇళ్ళ చుట్టుపట్ల ఉన్నవారికి, తాము వడగట్టకున్నా, కలరా కొంత తక్కువగానే సోకింది. ఎవరూ నేర్పని ఊళ్ళలో సైతం, నూటికి పాతికమందికి పైగా స్త్రీలు అప్పటికి బిందెమూతికి గుడ్డ కడుతున్నారు.